గస్తీల రాజ్యంలో గోలకొండ పత్రిక

పత్రికలూ ప్రజలూ: ఏడో భాగం

కృష్ణా పత్రిక, ఆంధ్రపత్రికల సంగతి చెప్పుకున్న గత రెండు భాగాల్లో మనం తిరిగినవన్నీ బ్రిటిషు ఏలుబడిలోని ఊళ్ళే. బందరు, బెజవాడ, మద్రాసు. అక్కడా పత్రికల మీద కేసులున్నాయి, జైళ్ళున్నాయి. 1908లో 'స్వరాజ్య' పత్రికలో వచ్చిన రాతకు గాడిచర్ల హరిసర్వోత్తమరావు చెరసాలకు వెళ్ళిన వైనం చూశాం. అయినా అక్కడ ఒక కోర్టుంది, వాదించడానికి వకీలున్నాడు, జైలు నుంచి తిరిగొచ్చిన మనిషి మెడలో దండ వేయడానికి జనం గుమిగూడే వీలుంది. ఈ భాగంలో సరిహద్దు దాటి నిజాం రాజ్యంలోకి పోదాం. అక్కడ నలుగురు ఒకచోట చేరి మాట్లాడుకోవాలంటే ముందు సర్కారు అనుమతి కావాలి.

హైదరాబాదు సంస్థానం చిన్నదేమీ కాదు. విస్తీర్ణం ఎనభై వేల చదరపు మైళ్ళ పైమాటే. తెలుగు, మరాఠీ, కన్నడ ప్రాంతాలు మూడూ కలిసిన రాజ్యం. జనాభాలో దాదాపు సగం మంది మాట్లాడేది తెలుగే. నడిచేది మాత్రం అంతా ఉర్దూలో. తహసీలు కచ్చేరీలో దరఖాస్తు ఉర్దూలో, కోర్టులో వాదన ఉర్దూలో, 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పాఠమూ ఉర్దూలో. 1931 జనాభా లెక్కల నాటికి కూడా అక్షరం వచ్చినవాళ్ళు నూటికి అయిదుగురికి అటూ ఇటూగా ఉన్నారు. సభలూ సమావేశాలూ పెట్టుకోవాలంటే ముందుగా అర్జీ పెట్టుకోవాలని ఒక గస్తీ ఉండేది. గస్తీ అంటే సర్కారు జారీచేసే సర్క్యులర్. 'గస్తీ నిషాన్ 53' పేరు ఆ కాలపు కార్యకర్తల జ్ఞాపకాల్లో పదే పదే వినిపిస్తుంది. గ్రంథాలయ వార్షికోత్సవం చేసుకోవాలన్నా కచ్చేరీ గడప తొక్కాల్సిందే.

ఓటు లేదు. జనం ఎన్నుకున్న శాసనసభ లేదు. ఇలాంటి చోట పత్రిక ఎవరి మనసు మార్చాలి? మార్చి ఏం సాధించాలి? పత్రిక రాసినంత మాత్రాన పడిపోయే ప్రభుత్వం కాదది. పత్రికల చరిత్రలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా పట్టి ఉంచిన ప్రశ్న ఇదే. ప్రజాభిప్రాయం అన్న మాటను మనం తేలిగ్గా వాడేస్తాం. కానీ ప్రజలు ఒకళ్ళకొకళ్ళు కనబడనంత కాలం ప్రజాభిప్రాయం పుట్టదు. పాలమూరు రైతుకు ఓరుగల్లు రైతు బతుకు తెలియదు. ఎవరి బాధ వాళ్ళ ఇంటి గోడల మధ్యే ఉంటుంది, దాన్ని వాళ్ళు తమ తలరాత అనుకుంటారు. నిజాం రాజ్యంలో తెలుగు పత్రికలు ఈ ఊళ్ళను ఒకదానికొకటి చూపించాయి. ఆ పనికి పట్టిన ఇరవై ఏడేళ్ళ కథ ఇది.

కథ 1921 నవంబరు 12న హైదరాబాదులోని వివేకవర్ధని థియేటర్‌లో మొదలవుతుంది. నిజాం రాష్ట్ర సంఘసంస్కార సభ జరుగుతోంది. పుణె నుంచి వచ్చిన మహర్షి కార్వే అధ్యక్షులు. ఉర్దూలో మాట్లాడినవాళ్ళున్నారు, మరాఠీలో మాట్లాడినవాళ్ళున్నారు, ఇంగ్లీషులో మాట్లాడినవాళ్ళున్నారు. అందరినీ సభ విన్నది. అల్లంపల్లి వెంకటరామారావు అనే వకీలు లేచి ఒక తీర్మానం మీద తెలుగులో మాట్లాడటం మొదలుపెట్టారు. సభలో గోల లేచింది. ఈలలు, చప్పట్లు, వెక్కిరింతలు. ఆయన్ని మాట్లాడనివ్వలేదు. తెలుగువాళ్ళే ఎక్కువగా ఉన్న రాజ్యంలో, రాజధాని నగరం నడిబొడ్డున, చదువుకున్నవాళ్ళ సభలో తెలుగుకు జరిగిన మర్యాద అది. సభలో ఉన్న కొద్దిమంది తెలుగువాళ్ళకు కడుపు రగిలిపోయింది. ఆ రాత్రే టేకుమాల రంగారావు ఇంట్లో కూర్చుని ఆంధ్ర జనసంఘానికి పునాది వేశారు. మాడపాటి హనుమంతరావు దానికి ఆయువుపట్టు అయ్యారు.

ఆ అవమానం వార్తగా వెళ్ళాలంటే సొంత పత్రిక ఏదీ లేదు. 1913 ప్రాంతంలో మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన 'హితబోధిని' మాసపత్రిక లాంటి ప్రయత్నాలు మొదలై ఆగిపోయాయి. మాడపాటి వారు తెలంగాణ సంగతులు రాసి మద్రాసు ఆంధ్రపత్రికకు, బందరు కృష్ణా పత్రికకు పంపేవారు. అంటే సూర్యాపేటలో జరిగిన సంగతి అచ్చు కావడానికి సరిహద్దు దాటి వెళ్ళి, మళ్ళీ సరిహద్దు దాటి సూర్యాపేటకు రావాలి. ఆ రాక కూడా సర్కారు దయే. బయటి పత్రికల మీద రాజ్యంలో నిషేధాలు అప్పుడప్పుడూ పడుతూనే ఉండేవి.

మరుసటి ఏడాది, 1922 ఆగస్టులో, కొద్ది రోజుల తేడాతో రెండు వారపత్రికలు పుట్టాయి. నల్లగొండలో షబ్నవీసు వెంకటరామ నరసింహారావు 'నీలగిరి' పెట్టారు. మానుకోట దగ్గర ఇనుగుర్తి అనే పల్లెటూళ్ళో ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు సోదరులు 'తెనుగు' పెట్టారు. ఈ ఇనుగుర్తి ముచ్చట కొంచెం ఆగి చెప్పుకోవాలి.

తెలుగు అచ్చు పని ఇంగ్లీషు అచ్చు పని లాంటిది కాదు. ఇంగ్లీషుకు పెద్దబడి చిన్నబడి కలిపినా అక్షరాలు ఎన్నో లేవు. తెలుగుకు అచ్చులు, హల్లులు, గుణింతాలు, వత్తులు, తలకట్లు. సీసపు అక్షరాల పెట్టెలో వందల గళ్ళు ఉంటాయి. ఒక్కో గడిలోంచి ఒక్కో అక్షరాన్ని ఏరి స్టిక్కులో పేర్చాలి. అక్షరం అద్దంలో బొమ్మలా తిరగబడి ఉంటుంది కాబట్టి తిరగబడ్డ తెలుగు చదవడం కంటికి అలవాటు కావాలి. పేజీ కట్టి, ఫారం బిగించి, సిరా పూసి, ప్రూఫు తీసి, తప్పులు దిద్ది, మళ్ళీ బిగించి, అచ్చు తీశాక ఆ అక్షరాలన్నిటినీ విప్పి కడిగి మళ్ళీ వేటి గడిలో వాటిని వేయాలి. మరుసటి వారానికి అవే అక్షరాలు కావాలి. ఒద్దిరాజు సోదరులు ఈ పనంతా తామే నేర్చుకున్నారు. రాసేవాళ్ళూ వాళ్ళే, సంపాదకులూ వాళ్ళే, కంపోజిటర్లూ వాళ్ళే, ముద్రాపకులూ వాళ్ళే, చిరునామాలు రాసి టపాలో వేసేవాళ్ళూ వాళ్ళే. నగరంలో డబ్బున్నవాళ్ళు చేయలేని పనిని పల్లెటూళ్ళో ఇద్దరు అన్నదమ్ములు చేశారు. రెండు పత్రికలూ నాలుగైదేళ్ళకే ఆగిపోయాయి. చందాలు వసూలు కావు, కాగితం అప్పు పెరుగుతుంది, సర్కారు కన్ను పైన ఉండనే ఉంటుంది. ఆ మాత్రం నిలవడమే ఆశ్చర్యం.

ఆ రెండూ చివరిదశలో ఉండగా, 1926 మే 10న హైదరాబాదులో 'గోలకొండ' వెలువడింది. వారానికి రెండుసార్లు వచ్చే పత్రిక. దాని ప్రాణం సురవరం ప్రతాపరెడ్డి. 1896లో పుట్టిన ఈయనది గద్వాల వైపు ఇటిక్యాలపాడు. మద్రాసులో పట్టం పుచ్చుకుని, న్యాయశాస్త్రం చదివి, సంస్కృతం, తెలుగు, ఉర్దూ, పారశీకం, ఇంగ్లీషు అన్నీ ఆకళించుకున్న మనిషి. హైదరాబాదులో రెడ్డి హాస్టలు బాధ్యత చూస్తుండేవారు. ఆ హాస్టలుకు పెద్దదిక్కు నగర కొత్వాలు రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి. నగర పోలీసు పెద్ద అండతో నడిచే హాస్టలులో ఉంటూ, అదే సర్కారుకు చిరాకు తెప్పించే పత్రికను నడపడం ఎంత ఒడుపుతో చేయాల్సిన పనో ఊహించుకోవచ్చు. విరాళాలు కూడగట్టి ప్రెస్సు పెట్టారు. రాసేవాళ్ళు తక్కువైతే తానే 'చిత్రగుప్త' అయ్యారు, 'భావకవి రామమూర్తి' అయ్యారు. ఒక్క మనిషి పత్రికలో నలుగురైదుగురు రచయితలై కనిపించేవారు.

గోలకొండ పేజీల్లో ఏముండేది? బాల్యవివాహాల మీద విసుర్లు, గ్రంథాలయాల వార్తలు, శాసనాల వ్యాసాలు, తాలూకాల నుంచి వచ్చిన ఉత్తరాలు. వాటిలో వెట్టి గురించిన రాతలను నేను ముఖ్యమనుకుంటాను. ఆ రోజుల్లో ఊరికి అధికారి వస్తున్నాడంటే ఒక్కో కులం మీద ఒక్కో బరువు పడేది. సామాను మోసేవాళ్ళు వేరు, నీళ్ళు తెచ్చేవాళ్ళు వేరు, కట్టెలు కొట్టేవాళ్ళు వేరు. గొల్లవాళ్ళ మంద నుంచి మేక పోయేది, కోమటి కొట్టు నుంచి సరుకు పోయేది. చేతికి పైసా రాదు. వచ్చినా ఆ ధర చెప్పేది అధికారి నౌకరే. దేశ్‌ముఖ్ ఇంట్లో పెళ్ళయినా చావయినా ఇదే తంతు. పొలంలో పని వదిలి పోయిన మనిషికి ఆ పూట కూలి పోయినట్టే.

ఈ వెట్టిని అదుపు చేయాలని సర్కారు ఉత్తర్వులు అప్పటికే ఉన్నాయి. అవి ఉర్దూలో ఉన్నాయి, కచ్చేరీ దస్త్రాల్లో ఉన్నాయి. వెట్టి చేసేవాడికి తన పక్షాన ఒక ఉత్తర్వు ఉందన్న సంగతే తెలియదు. ఆంధ్ర జనసంఘం వాళ్ళు వెట్టిచాకిరి మీద చిన్న పుస్తకం వేసి, సర్కారు చెప్పిన మాటనే తెలుగులో పెట్టి, 'ఇదిగో నీ హక్కు' అని జనం చేతికిచ్చారు. సరుకు ఊరికే ఇవ్వనక్కరలేదని తెలిశాక వర్తకులు సంఘాలు కట్టుకున్నారు. గోలకొండ పత్రిక ఆ కదలికలను ఊరూరికీ మోసుకుపోయింది. ఇక్కడ పత్రిక వేసిన ఎత్తు గమనించండి. ప్రభుత్వాన్ని తిట్టలేదు. ప్రభుత్వం రాసిన కాగితాన్నే ప్రభుత్వానికి చూపించింది. దీనికి ఏ శిక్ష వేయాలో సర్కారుకు తోచదు.

పత్రిక ఎందరు చదివారన్నది చందాదారుల పట్టీ చూస్తే తేలదు. ఊళ్ళో ఒక్క ప్రతి వస్తే అది రచ్చబండ లాంటిదే, దాని చుట్టూ పదిమంది చేరతారు. చదువొచ్చిన కుర్రాడు పైకి చదువుతాడు, మిగతావాళ్ళు వింటారు, అడ్డుప్రశ్నలు వేస్తారు. గ్రంథాలయాలు ఇందుకే పుట్టాయి. 1901లో హైదరాబాదులో మొదలైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1904లో హనుమకొండలో వచ్చిన రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం దారి చూపితే, తరవాతి ఇరవై ముప్ఫై ఏళ్ళలో చిన్న చిన్న ఊళ్ళలో కూడా పఠనాలయాలు లేచాయి. ఒక గది, ఒక బల్ల, నాలుగు పత్రికలు. సభకు అనుమతి కావాలి గానీ బల్ల చుట్టూ కూర్చుని పత్రిక చదవడానికి అక్కర్లేదు. సర్కారు గ్రంథాలయాలను అనుమానంగా చూసిందంటే కారణం లేకపోలేదు.

ఇక కవుల గొడవ. తెలంగాణలో కవులు పూజ్యమని ముడుంబై వేంకట రాఘవాచార్యులు అనే పండితుడు రాశారు. అంటే సున్నా అని. ఈ మాట వినగానే ఇంకో సంపాదకుడైతే మండిపడుతూ నాలుగు కాలమ్‌ల ఖండన రాసి ఊరుకునేవాడు. సురవరం వారు లెక్క తేల్చాలనుకున్నారు. పత్రిక ద్వారా పిలుపిచ్చారు. రాసేవాళ్ళుంటే పద్యాలు పంపండి, మీ వివరాలు పంపండి అని. ఊళ్ళ నుంచి కాగితాలు రావడం మొదలైంది. 1934లో 'గోలకొండ కవుల సంచిక' అచ్చయింది. అందులో 354 మంది కవులు. వాళ్ళలో గొప్పవాళ్ళు ఉన్నారు, మామూలు వాళ్ళు ఉన్నారు, ఒకే పద్యంతో మిగిలినవాళ్ళు ఉన్నారు. కవిత్వంగా తూకం వేస్తే అన్నీ ఒక్క ఎత్తున నిలవవు, నిలవాలని సంపాదకుడు కోరుకోనూ లేదు. మీ దగ్గర ఏమీ లేదు అన్నవాళ్ళకు ఊరూ పేరూ పెట్టి చెప్పిన జవాబు అది. జనాభా లెక్కల వాళ్ళు చేయాల్సినంత పనిని ఒక పత్రికా కార్యాలయం చేసింది.

ఈ సంచిక ప్రభావం సాహిత్యానికి పరిమితమని అనుకునేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. ఏదో మారుమూల సంస్థానంలో పద్యం రాసుకుని పెట్టెలో దాచుకున్న మనిషి, తనలాంటివాళ్ళు ఇంకా మూడొందల యాభై మంది ఉన్నారని ఆ పుస్తకం తెరిచి తెలుసుకున్నాడు. 1921లో థియేటర్‌లో వెక్కిరింపుకు గురైన భాష, పదమూడేళ్ళ తరవాత హాజరుపట్టీ పట్టుకుని నిలబడింది. తెలంగాణ మాటకు, తెలంగాణ రాతకు తనదైన గౌరవం ఉందని తరవాతి తరాలు వాదించినప్పుడల్లా ఈ పుస్తకం పేరు రాకుండా లేదు.

కవుల సంచికకు నాలుగేళ్ళ ముందే, 1930 మార్చిలో, ఆంధ్ర జనసంఘం నుంచి ఎదిగిన ఆంధ్ర మహాసభ మొదటి సమావేశం జోగిపేటలో జరిగింది. అధ్యక్షులు సురవరం ప్రతాపరెడ్డే. కార్యక్రమమంతా తెలుగులోనే సాగింది. దానితోపాటే నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన మహిళా సభ కూడా జరిగింది. పత్రిక లేకుండా ఈ సభ ఇంతమందిని రప్పించగలిగేదా? నాకు సందేహమే. అనుమతి కోసం ఎన్ని రోజులు ఎదురుచూడాలో తెలియని సభకు జనాన్ని సిద్ధంగా ఉంచడం కరపత్రంతో అయ్యే పని కాదు. వారానికి రెండుసార్లు ఇంటికొచ్చే కాగితంతో అవుతుంది.

సర్కారు చూస్తూ ఊరుకోలేదు. ఒక దశలో సంపాదకీయాలు అచ్చు వేసేముందు తమకు చూపించి అనుమతి తీసుకోవాలని ఆంక్ష పెట్టింది. సురవరం వారు సంపాదకీయం రాయడం మానేశారు. ఆ చోటు మాత్రం వదల్లేదు. లోకంలోని మహాకవులూ మేధావులూ స్వేచ్ఛ గురించీ, న్యాయం గురించీ, రాజధర్మం గురించీ చెప్పిన మాటలను ఏరి తెచ్చి సంపాదకీయం స్థానంలో వేశారు. పాఠకుడు పత్రిక తెరుస్తాడు. ఇవాళ సంపాదకుడు ఏమన్నాడో చూద్దామని ఆ కాలమ్ మీదికి కన్ను పోతుంది. అక్కడ ఎప్పుడో చనిపోయిన పెద్దమనిషి మాట ఉంటుంది. ఆ మాట ఎవరిని ఉద్దేశించిందో పాఠకుడికి చెప్పనక్కర్లేదు. పాత పెద్దల సూక్తులను అచ్చు వేయడం నేరమని గస్తీ తీస్తే నవ్వులపాలయ్యేది సర్కారే.

అలాగని గోలకొండను విప్లవ పత్రికగా నిలబెట్టడం సరికాదు. అది మితవాద పత్రిక. చందా కట్టి చదివినవాళ్ళు ఎక్కువగా కాస్త భూమి ఉన్న రైతులు, పటేళ్ళు, పట్వారీలు, వకీళ్ళు, ఉపాధ్యాయులు, విద్యార్థులు. వెట్టి గురించి చదివేవాడి ఇంట్లోనే వెట్టివాడు నీళ్ళు మోస్తున్న ఊళ్ళు ఎన్నో ఉండి ఉంటాయి. భూమి ఎవరిది అన్న ప్రశ్నను ఆ పత్రిక సూటిగా అడగలేదు. ఆ ప్రశ్న అడిగినవాళ్ళు 1940లలో ఆంధ్ర మహాసభలోనే తయారయ్యారు. 1944 భువనగిరి సభతో మహాసభ రెండుగా చీలింది. రావి నారాయణరెడ్డి వెంట నడిచినవాళ్ళు దాన్ని 'సంగం'గా పల్లెల్లోకి తీసుకుపోయారు. 1946 జూలై 4న కడవెండిలో సంగం కార్యకర్త దొడ్డి కొమరయ్య తూటాలకు నేలకూలాక జనానికి కబురు చేరవేయడానికి పత్రికతో పని లేకుండా పోయింది. పాట చాలింది. అయినా ఆ పాట కట్టినవాళ్ళల్లో, ఆ సభల్లో మాట్లాడినవాళ్ళల్లో పఠనాలయం బల్ల దగ్గర చదువు నేర్చినవాళ్ళు ఎందరో ఉన్నారు. వట్టికోట ఆళ్వారుస్వామినే తీసుకోండి. 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి, పుస్తకాలు మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మిన మనిషి. గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దిన చేతులవి.

పత్రిక ప్రభావం అంటే ఎప్పుడూ మంచివైపే అనుకోనక్కర్లేదు. నిజాం సర్కారుకు, దాన్ని సమర్థించిన ముస్లిం రాజకీయ సంస్థ ఇత్తెహాదుల్ ముసల్మీన్‌కు వంతపాడిన పత్రికలూ ఉన్నాయి. నగరంలో ఉర్దూ చదివే మధ్యతరగతిని భయపెట్టి, స్వతంత్ర హైదరాబాదు సాధ్యమేనని నమ్మించడంలో వాటికీ వాటా ఉంది. 'మీజాన్' ఇంగ్లీషు, ఉర్దూ, తెలుగు మూడు భాషల్లో వచ్చేది. తెలుగు మీజాన్‌కు అడవి బాపిరాజు సంపాదకులు. యాజమాన్యం మొగ్గు ఒకవైపు, తెలుగు పేజీలు తయారుచేసే రచయితల మనసు ఇంకోవైపు. ఒకే కప్పు కింద ఈ రెండూ ఎలా ఇమిడాయో ఎవరైనా తీరిగ్గా పరిశోధించాల్సిన విషయం.

ఉర్దూ పత్రికలన్నిటినీ ఒకే గాట కట్టడం ఇంకా పెద్ద పొరపాటు. మందుముల నరసింగరావు తెలుగువాడై ఉండి 1927లో ఉర్దూలో 'రయ్యత్' పెట్టారు. ఏలేవాడి భాషలోనే రైతు మాట చెప్పాలన్నది ఆయన ఎత్తుగడ. తెలుగులో రాస్తే అధికారికి అర్థం కాలేదన్న సాకు దొరుకుతుంది, ఉర్దూలో రాస్తే దొరకదు. సర్కారు దాన్ని మూయించింది, ఆయన మళ్ళీ తెరిచారు, మళ్ళీ మూయించింది. ఆ రయ్యత్‌లో పనిచేసిన యువకుడు షోయబుల్లాఖాన్.

షోయబ్ 1920లో మానుకోట తాలూకాలో పుట్టారు. ఒద్దిరాజు సోదరుల ఇనుగుర్తి ఉన్న సీమే అది. తండ్రి రైల్వే పోలీసు ఉద్యోగి. ఉస్మానియాలో పట్టభద్రుడైన కొడుకు సర్కారు నౌకరీ చూసుకుని హాయిగా ఉండవచ్చు. పత్రికలవైపు వచ్చారు. మొదట 'తేజ్', తరవాత 'రయ్యత్'. రయ్యత్ మూతపడ్డాక కాంగ్రెసు నాయకుడు బూర్గుల రామకృష్ణారావు వంటివారి అండతో 1947 నవంబరులో 'ఇమ్రోజ్' దినపత్రిక మొదలుపెట్టారు. దేశానికి స్వాతంత్య్రం వచ్చి మూడు నెలలు. హైదరాబాదు మాత్రం భారత యూనియన్‌లో కలవలేదు. ఇత్తెహాదుల్ నాయకుడు ఖాసిం రజ్వీ నడిపే సాయుధ దళం రజాకార్లు ఊళ్ళ మీద పడుతున్నారు. ఇమ్రోజ్ కార్యాలయం కాచిగూడలో.

పగలు ఒక ప్రభుత్వం, రాత్రి ఇంకో ప్రభుత్వం నడుస్తున్నాయని ఇమ్రోజ్ సంపాదకీయం రాసింది. రాత్రి ప్రభుత్వం అంటే రజాకార్లని చదివిన ప్రతివాడికీ తెలుసు. ఇదే మాట ఒక హిందూ సంపాదకుడు తెలుగులో రాస్తే రజ్వీకి పెద్ద బాధ ఉండేది కాదు. శత్రువు మాట అని కొట్టిపారేసేవాడు. ముస్లిం యువకుడు, ఉర్దూలో, రాజధానిలో, తన సొంత పేరుతో రాస్తున్నాడు. ముస్లిములందరూ మా వెంటే ఉన్నారన్న రజ్వీ మాటకు రోజూ పొద్దున్నే ఇమ్రోజ్ అడ్డుపడుతోంది. 1948 ఆగస్టులో ఏడుగురు ముస్లిం ప్రముఖులు రజాకార్ల ఆగడాలు ఆపాలని, యూనియన్‌తో సఖ్యతకు రావాలని ఒక ప్రకటన చేశారు. ఇమ్రోజ్ దాన్ని అచ్చువేసింది.

షోయబ్‌కు అప్పటికే బెదిరింపు ఉత్తరాలు వస్తున్నాయి. ఆగస్టు 19న జమ్రుద్ మహల్‌లో జరిగిన సభలో రజ్వీ, తమకు అడ్డొచ్చే చేతులు నరికేస్తామన్న అర్థంలో మాట్లాడాడు. రెండు రోజులు గడిచాయి. 21వ తేదీ అర్ధరాత్రి దాటే వేళకు మరునాటి పత్రిక పని ముగించుకుని షోయబ్, ఆయన బావమరిది ఇస్మాయిల్‌ఖాన్ కాచిగూడ కార్యాలయం నుంచి ఇంటికి నడిచి బయల్దేరారు. లింగంపల్లి చౌరస్తా దగ్గర కాచుకుని ఉన్నవాళ్ళు తుపాకీ పేల్చారు. కూలిపోయిన మనిషి చెయ్యి నరికారు. అడ్డం వెళ్ళిన ఇస్మాయిల్ చెయ్యీ తెగింది. 22 తెల్లవారుజామున షోయబుల్లాఖాన్ కన్నుమూశారు. ఇరవై ఎనిమిదో ఏడు నిండలేదు. పెళ్ళాం గర్భవతి.

ఆ చంపిన తీరు చూస్తే పత్రిక గురించి వాళ్ళకున్న భయం అర్థమవుతుంది. ప్రాణం తీయడమే ఉద్దేశమైతే తూటా చాలు. చెయ్యి నరకడం మిగిలిన సంపాదకులకు పంపిన కబురు. తొమ్మిది నెలలు నడిచిన చిన్న పత్రిక అది. దాన్ని చూసి అంత వణుకు పుట్టిందంటే ప్రజాభిప్రాయం తమ చెయ్యి జారుతోందని వాళ్ళకు ముందే తెలిసిందన్నమాట. నెల తిరక్కుండానే, సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాదులోకి కదిలింది. 17న నిజాం లొంగిపోయాడు. రజ్వీ జైలుకు వెళ్ళి, 1957లో విడుదలై పాకిస్తాన్ చేరాడు.

సురవరం ప్రతాపరెడ్డి రాసిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' 1949లో వచ్చింది. రాజుల యుద్ధాల గొడవ పక్కన పెట్టి, జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు, ఏం నమ్మారు అని వెతికిన పుస్తకం. తాలూకాల నుంచి వచ్చిన ఉత్తరాలు రెండు దశాబ్దాల పాటు చదివిన సంపాదకుడే అలాంటి పుస్తకం రాయగలడని నాకనిపిస్తుంది. 1955లో తెలుగుకు తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం దానికే దక్కింది. అప్పటికి ఆయన లేరు, 1953 ఆగస్టులో పోయారు.

పోయేముందు ఆయన చేసిన పనులు రెండు. 1951లో 'ప్రజావాణి' పేరుతో మళ్ళీ ఒక పత్రిక మొదలుపెట్టారు. 1952 ఎన్నికల్లో వనపర్తి నుంచి శాసనసభకు గెలిచారు. ఓటు లేని జనం కోసం రెండు దశాబ్దాల పాటు పత్రిక నడిపిన మనిషి, ఆ జనానికి మొదటిసారి ఓటు వచ్చినప్పుడు వాళ్ళ ముందు నిలబడి అడిగారు, వాళ్ళు వేశారు. అదే ఏడాది సెప్టెంబరులో, ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలన్న ముల్కీ ఆందోళన రేగి, హైదరాబాదులో సిటీ కాలేజీ దగ్గర విద్యార్థుల మీద కాల్పులు జరిగాయి. గస్తీలు పోయి, బూర్గుల ముఖ్యమంత్రిగా ఉన్న కొత్త పాలనలో పత్రికలు ఆ రోజుల్లో ఏం రాశాయో వచ్చే భాగంలో చూద్దాం.